లిఫ్ట్ ముచ్చట్లకు స్టేజీ వద్దు: మా అపార్ట్‌మెంట్ కమిటీకి బహిరంగ లేఖ

ప్రెసిడెంట్ గారికి, సెక్రటరీ గారికి, కమిటీలో ఉన్న మిగతా అందరికీ నమస్కారం.

శుక్రవారం లిఫ్ట్ పక్కన మీరు అంటించిన నోటీసు చూశాను. గ్రూపులో కూడా వచ్చింది, కింద పదకొండు మంది చప్పట్లు పెట్టారు, ఇద్దరు "సూపర్ సార్" అన్నారు. నేనేమీ అనలేదు. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే అయిపోతుందేమోనని రెండు రోజులు మథనపడి ఇది రాస్తున్నాను. గ్రూపులో రాద్దామంటే మధ్యలో ఎవరో గుడ్‌మార్నింగ్ పువ్వు పెడతారు, ఆ వెనకే వాటర్ ట్యాంకర్ గొడవ మొదలవుతుంది, నా మాట ఎక్కడో పైన పడి ఉంటుంది. అందుకే ఇలా అందరి ముందూ.

నోటీసు ప్రకారం, నెలనెలా రెండో ఆదివారం సెల్లార్‌లో కూర్చుని మనకు జరిగినవి చెప్పుకునే లిఫ్ట్ ముచ్చట్లు ఇకమీదట "స్ఫూర్తి సంధ్య". సెల్లార్‌లో కాదు, కమ్యూనిటీ హాల్లో. మైకు, స్టేజీ, ముఖ్య అతిథి, శాలువా. చెప్పేవాళ్లు మూడు రోజుల ముందే రాసి కల్చరల్ కమిటీకి చూపించాలి, మనిషికి ఐదు నిమిషాలు, చివర్లో "సమాజానికి సందేశం" తప్పనిసరి. మొదటి బహుమతి మిక్సీ. ఫ్లాట్లలో ఉండేవాళ్లకే అవకాశం. అంతా వీడియో తీసి యూట్యూబ్‌లో పెడతారు.

మీరు మంచి ఉద్దేశంతోనే చేశారు, అందులో నాకు అనుమానం లేదు. మిక్సీ కూడా మంచి కంపెనీదే అయ్యుంటుంది. కానీ ఇది అమలైతే ఇప్పుడు నడుస్తున్నది చచ్చిపోతుంది. ఎందుకో చెప్పాలంటే అసలు ఇది ఎలా మొదలైందో గుర్తుచేయాలి, మీలో సగంమంది ఆ రోజు లేరు.

పోయినేడాది వానాకాలంలో ఒక ఆదివారం సాయంత్రం లిఫ్ట్ పాడైంది. మెకానిక్ వస్తున్నా వస్తున్నా అంటూ రెండున్నర గంటలు రాలేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, కూరగాయల సంచులతో వచ్చినవాళ్లు, గుడి నుంచి వచ్చినవాళ్లు సెల్లార్‌లోనే ఇరుక్కుపోయారు. వాచ్‌మన్ నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేశాడు, మిగతావాళ్లం బైకుల మీద, మెట్ల మీద. మొదట పది నిమిషాలు లిఫ్ట్ కంపెనీని తిట్టుకున్నాం. తర్వాత దోమల్ని తిట్టుకున్నాం. తిట్టడానికి ఇంకేమీ మిగలక, ఎవరో "మా ఊళ్లో అయితే" అని మొదలెట్టారు. అంతే. మెకానిక్ వచ్చి బాగుచేసి వెళ్లాక కూడా ముప్పావుగంట ఎవరూ పైకి పోలేదు. ఆరేళ్లుగా ఒకే గోడకి అటూ ఇటూ ఉంటున్నవాళ్లం, ఎదురుపడితే "భోజనం అయిందా" తప్ప ఇంకో మాట లేనివాళ్లం. అందుకే వీటికి లిఫ్ట్ ముచ్చట్లు అని పేరు. ఎవరూ పెట్టలేదు, అదే పడింది. ఉన్నదల్లా ఒకటే రూలు. నీకు జరిగిందే చెప్పాలి, వాట్సాప్‌లో వచ్చింది చెప్పకూడదు.

ఆ రోజు అందరికంటే ఎక్కువసేపు మాట్లాడింది నాలుగో అంతస్తు అమ్మమ్మ. పెళ్లయిన కొత్తలో ఆవిడ మొగుడు ఇల్లెందులో బొగ్గుబాయి పనికి పోయాడు. ఈవిడ మహబూబాబాద్ దగ్గర పల్లెలో అత్తగారింట్లో. చదువు రాదు. ఉత్తరం రాయించాలంటే పోస్టుమాన్ రావాలి. ఆయన అరుగు మీద కూర్చుని ఇన్‌ల్యాండ్ లెటర్ మోకాలి మీద పెట్టుకుని "చెప్పమ్మా" అనేవాడట. పక్కన అత్త, ఎదురుగా వాడకట్టు పిల్లలు. ఈవిడకు మూడో నెల. ఆ మాట పరాయి మగవాడి చేత మొగుడికి రాయించడానికి నోరు రాలేదు. ఆలోచించి ఆలోచించి, "చింతకాయ తొక్కు అయిపొయ్యింది, ఎంత తిన్నా సాలుతలేదు అని రాయి" అంది. పోస్టుమాన్ తలెత్తి ఒకసారి చూసి, నవ్వు ఆపుకుని, అట్లాగే రాశాడట. "రాసినాయనకు సమజైంది బిడ్డా, సదివినాయనకు కాలే." పదిహేను రోజులకు మనియార్డర్ వచ్చింది, ఎప్పుడూ పంపేదానికంటే ఐదు రూపాయలు ఎక్కువ. ఫారం కింద నాలుగు ముక్కలు రాసుకోవడానికి చోటుండేదే, అక్కడ "చింతపండుకు" అని ఉందట.

సెల్లార్‌లో నవ్వు ఆగలేదు. వాచ్‌మన్ అయితే స్కూటర్ మీంచి జారాడు. ఆవిడ మాత్రం నవ్వకుండా, ఆ ఐదు రూపాయలకు చింతపండు కొన్నానా లేదా అన్నది గుర్తుచేసుకోవడానికి చాలాసేపు ప్రయత్నించింది.

మరి ఇదే అమ్మమ్మను మొన్న మదర్స్ డేకి మీరు హాల్లో స్టేజీ ఎక్కించారు. "ఆదర్శ దాంపత్యం" అని బ్యానర్. మెడలో దండ. "చివర్లో ఈ తరం దంపతులకు ఒక మంచిమాట చెప్పండి బామ్మగారూ" అని చేతికి మైకిచ్చారు. ఆవిడ మైకును పాము తలకాయ పట్టుకున్నట్టు పట్టుకుని అర నిమిషం నిలబడి, "అందరు మంచిగుండుండ్రి" అని కూర్చుంది. మీరు చప్పట్లు కొట్టించారు. తర్వాత సావనీర్‌లో ఆ కథ అచ్చయింది. "బాయి" పోయి "గని" వచ్చింది, "తొక్కు" పోయి "పచ్చడి" వచ్చింది, "అక్షరాలకు అందని అనురాగం" అని శీర్షిక వచ్చింది, ఐదు రూపాయల ముక్క మొత్తానికే లేదు. ఎందుకు తీశారని నేనే అడిగాను. "అది కొంచెం కామెడీగా ఉంది మేడమ్" అన్నారు. అమ్మమ్మ నా చేత అదంతా పైకి చదివించుకుని, అయిపోయాక, "గీమె ఎవలు బిడ్డా?" అంది.

అప్పటినుంచి సెల్లార్‌కి వస్తోంది గానీ చెప్పమంటే చెయ్యి అడ్డం ఊపుతోంది. మళ్లీ ఎక్కడ దండ వేస్తారోనని భయం, నాకు తెలుసు.

సందేశం అన్నారు కదా. రిటైర్డ్ కండక్టర్ బాబాయిగారు చెప్పింది మీరు విన్నారో లేదో. హైదరాబాద్ నుంచి సూర్యాపేట బస్సు. చిల్లర లేనప్పుడు కండక్టర్లు బాకీ టికెట్టు వెనక రాసిస్తారు, లేదంటే ఇద్దరు ప్రయాణికులకు కలిపి ఒకే నోటు ఇచ్చి "మీరూ మీరూ చూసుకోండి" అంటారు, మనందరికీ ఎప్పుడో ఒకప్పుడు జరిగిందే. ఆ రోజు నార్కట్‌పల్లిలో దిగేవాడికి ఇరవై, సూర్యాపేట వాడికి ముప్పై కలిపి ఒక యాభై నోటు ఇచ్చాడు. నార్కట్‌పల్లి వచ్చేసరికి నోటు నా దగ్గరుండాలంటే నా దగ్గరుండాలని ఇద్దరూ కాలర్లు పట్టుకునే దాకా వెళ్లారు. డ్రైవర్ విసిగిపోయి బస్సు పక్కకు తీసి సోడాబండి దగ్గర ఆపాడు, సోడా కొంటే చిల్లర వస్తుందని. ఎండాకాలం. బస్సు ఆగిందని చూసి అందరూ దిగి సోడాలు తాగారు. సోడాబండివాడి దగ్గర కూడా చిల్లర అయిపోయింది. బస్సు ఇరవై నిమిషాలు లేటు, ఈయనకు మెమో. సోడా సంగతి రాయలేక టైరు పంక్చరని రాసిచ్చాడట, "ఇంతకాలానికి నిజం ఒప్పుకుంటున్నాను" అన్నాడు మనందరి ముందూ చేతులు జోడించి.

ఇప్పుడు చెప్పండి, దీని చివర్లో ఏ సందేశం పెట్టాలి? చిల్లర తెచ్చుకొనుడు, ప్రభుత్వానికి సహకరింపుడు అనా?

ఇంకొకటి. రెండో అంతస్తు లెక్కల మాస్టారిది దివిసీమ, నాగాయలంక వైపు. 1977 నవంబర్ 19 ఉప్పెన నాటికి ఆయనకు తొమ్మిదేళ్లు. ఊరి పేరు చెప్పగానే ఎవరైనా అడిగేది ఒకటే అట, "మీవాళ్లలో ఎంతమంది పోయారు?" అప్పట్లో ఎన్టీఆర్, ఏఎన్నార్ లాంటి సినిమావాళ్లు జోలె పట్టి విరాళాలు అడిగిన సంగతి ఇప్పటికీ అందరూ చెప్పుకుంటారు, శవాల గురించి పత్రికలు రాశాయి, వేలమంది పోయారు, అదంతా లోకానికి తెలిసిందే. ఇన్నేళ్లలో తననెవరూ అడగనిది ఒకటుంది అన్నారాయన ఆ రోజు. సాయంగా వచ్చిన తిండి పొట్లాల్లో బ్రెడ్డు ఉండేది. ఆ రోజుల్లో పల్లెల్లో బ్రెడ్డు అంటే జ్వరమొచ్చినవాళ్లు పాలల్లో ముంచుకుని తినేది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు తినరు. రెండు రోజులుగా ఏమీ తినని ఆయన చెల్లెలు, ఐదేళ్ల పిల్ల, ఆ ముక్క చేతికివ్వగానే "నాకు జ్వరం లేదు, నేను తినను" అని ఒకటే ఏడుపు. అమ్మ ఆ పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి, "ఉంది తల్లీ, కాలిపోతోంది, తిను" అందట.

ఆయన అంతవరకే చెప్పి ఆపారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాసేపటికి ఎవరో టీ తెస్తామని లేచారు.

దీనికి మార్కులు వేస్తారా మీరు? వేస్తే ఎన్ని? ఉప్పెనకు తొమ్మిది, చింతకాయ తొక్కుకు ఆరు, సోడాబండికి నాలుగా? మిక్సీ పెట్టిన మరుక్షణం మనవాళ్లు తమ బతుకుల్లోకెల్లా పెద్ద కష్టాన్ని వెతుక్కోవడం మొదలెడతారు, కష్టం చాలకపోతే కాస్త పెంచుతారు, వచ్చే ఏడాదికి అందరం స్టేజీ మీద ఏడుస్తుంటాం. టీవీల్లో అది చూస్తూనే ఉన్నాం కదా, మళ్లీ సెల్లార్‌లో కూడా ఎందుకు.

ముందే రాసి ఇవ్వమనడం గురించి. మన ముప్పై ఆరు ఫ్లాట్లలో బాగా చెప్పగలిగేవాళ్లు ఎవరో నేను చూశాను, వాళ్లలో సగంమంది రాయరు. రాయమంటే బడిలో వ్యాసం గుర్తొచ్చి "మానవ జీవితంలో" అని మొదలెడతారు. మూడో అంతస్తులో అద్దెకుండే అమ్మాయి వాళ్లది జహీరాబాద్ వైపు. అక్కడ మాచునూరు అనే ఊళ్లో సంఘం రేడియో అని ఉంది, డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) సంఘాల ఆడవాళ్లే నడుపుతారు, ఎక్కువమంది దళిత మహిళలు, సేద్యం చేసుకునేవాళ్లు. 2008లో ప్రసారాలు మొదలయ్యాయి, కానీ అంతకు పదేళ్ల ముందునుంచే, లైసెన్సు లేని రోజుల్లోనే, ఊళ్లలో మాటలు, పాటలు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం మీటింగుల్లో వినిపించేవాళ్లు. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అని ఇద్దరు పేరుమోసిన అనౌన్సర్లు. విత్తనాలు, పంటలు, వంటలు, పండుగలు, వాళ్ల యాసలో వాళ్లే. సిటీ నుంచి అనౌన్సర్‌ని తెచ్చి "నమస్కారం, వ్యవసాయ కార్యక్రమానికి స్వాగతం" అనిపించుంటే ఎవరు వినేవాళ్లు? అంతకంటే ముందే, 1986లో, స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు పుస్తకంగా వేశారు. చాకలి ఐలమ్మ మాట మనకు అచ్చులో ఉందంటే వాళ్ల పుణ్యమే. ఐలమ్మ గారిని మూడు రోజుల ముందు రాసివ్వమనలేదు ఎవరూ.

మన ముచ్చట్లు అంత గొప్పవని కాదు నేననేది, మనవి లిఫ్ట్ పాడైతే పుట్టినవి. పోలిక మాట తీరు వరకే.

ఇక అసలు గొడవ, నోటీసులో అందంగా రాసిన ఆ "ఫ్లాట్లలో ఉండేవాళ్లకే" అన్న ముక్క. ఇది ఎందుకొచ్చిందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మార్చిలో మన నాలుగిళ్లలో పనిచేసే అమ్మ మాట్లాడింది. మొదటిసారి. మెట్ల మీద కూర్చోబోతే అమ్మమ్మ లాగి తన పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. "ఎవరింట్లో ఎవరు అలిగారో కంచాలు చెబుతాయమ్మా" అంది. కలిపి తినకుండా వదిలేసిన అన్నం ఒక రకం, అసలు కలపనే కలపని అన్నం ఇంకో రకం అట. డాక్టరు పచ్చళ్లు మానమన్న పెద్దాయన కంచం అంచున ఆవకాయ నూనె ఉంటే ఎవరికీ చెప్పకుండా ముందు అదే కడిగేస్తుందట. తర్వాత అంది, "ఒకింట్లో మూడు కంచాలు పడేవి. అబ్బాయి అమెరికా పోయాడు. అయినా ఇరవై రోజులు మూడూ పడ్డాయి. మూడోదాంట్లో మెతుకు ఉండదు, తడి కూడా ఉండదు. దుమ్ము పడింది కడుగు అనేవారు. కడిగేదాన్ని."

నాకు ఒళ్లు జలదరించింది, నిజం చెబుతున్నాను. ఈ ఏడాదిలో నేను విన్నవాటిలో అదే నాకు బాగా నచ్చింది. కానీ మర్నాడు పొద్దున్నే లిఫ్ట్‌లో లెక్కలు మొదలయ్యాయి. ఎవరబ్బాయి ఎప్పుడు వెళ్లాడు, ఆవిడ ఏ ఇళ్లలో చేస్తుంది, ఆవకాయ ఎవరిది. సాయంత్రానికి ఆ ఇల్లేదో తేల్చేశారు. ఆ ఇంటావిడ రెండు నెలలు సెల్లార్‌కి రాలేదు, ఆవిడ బాధ నేను కాదనను. కమిటీకి ఫిర్యాదు వెళ్లింది, మీరు ఆ పనిచేసే అమ్మని పిలిచి "ఇళ్లలో విషయాలు బయట చెప్పకూడదు" అన్నారు. ఇప్పుడు ఈ రూలు. ఆవిడ పేరెత్తలేదు, ఫ్లాటు నంబరు చెప్పలేదు. కూర్చుని కూడికలు తీసివేతలు చేసింది మనం. నోటీసు మాత్రం ఆవిడకి!

ఈ విషయంలో నేనూ శుద్ధపూసని కాదు. జనవరిలో మా అన్నయ్య గురించి చెప్పాను. నాన్న పోయినప్పుడు కర్మకాండల ఖర్చు రాసిన చిట్టీలో వాడు కొబ్బరికాయలకు కూడా సగం నా పేరున వేశాడని. నవ్విస్తూనే చెప్పాను, నాకు వాడి మీద కోపం కూడా లేదు. ఎవరో ఫోన్లో రికార్డు చేశారు, ఎవరికో పంపారు, అది తిరిగి తిరిగి గుంటూరులో మా వదిన ఫోన్‌కి చేరింది. మా అన్నయ్య మూడు నెలలు మాట్లాడలేదు. రాఖీకి ఫోన్ చేస్తే ఎత్తి, "రికార్డు చేస్తున్నావా" అని అడిగి పెట్టేశాడు. ఎదురుగా కూర్చుని విన్నవాళ్లకు నా మొహం కనిపిస్తుంది, నేను వాడిని ముద్దుగానే తిడుతున్నానని తెలుస్తుంది. ఫోన్లో గొంతు ఒక్కటే వెళ్తే అది చాడీ. కాబట్టి మీకు రూలు పెట్టాలని ఉంటే ఇది పెట్టండి: ఫోన్లు సంచిలో వేసి వాచ్‌మన్ టేబుల్ మీద పెట్టాలి. పక్కవాళ్ల సంగతి చెప్పేటప్పుడు ఆనవాళ్లు మార్చి చెప్పాలి. యూట్యూబ్ ఊసే వద్దు. పనిచేసే అమ్మని మాత్రం వెనక్కి పిలవాలి, పిలవాల్సింది కూడా మీరే, నోటీసు ఇచ్చింది మీరు కాబట్టి.

హాలు వద్దనడానికి నాకు పెద్ద సిద్ధాంతం ఏమీ లేదు. హాల్లో కుర్చీలు వరసగా ఉంటాయి, అందరూ ముందువాళ్ల వీపు చూస్తారు. సెల్లార్‌లో గుండ్రంగా కూర్చుంటాం, మధ్యలో ఎవరో కారు తీస్తారు, అందరూ లేచి జరిగి మళ్లీ కూర్చుంటారు, చెప్పేవాళ్లు ఎక్కడ ఆపారో మరిచిపోతే వినేవాళ్లు అందిస్తారు. మీకు నిజంగా ఏదైనా చేయాలని ఉంటే ఆ శాలువాల డబ్బుతో ఇంకో పది ప్లాస్టిక్ కుర్చీలు కొనండి, జనరేటర్ పక్కన ట్యూబ్‌లైట్ మార్పించండి, అది ఆర్నెల్లుగా మిణుకుమిణుకుమంటోంది. దోమల చక్రాలు నేను తెస్తాను. ముఖ్య అతిథిగా ఎవరినైనా పిలవాలని మరీ మనసు లాగితే ఆ లిఫ్ట్ మెకానిక్‌ని పిలవండి, నాకు అభ్యంతరం లేదు.

చివరగా సెక్రటరీ గారికి విడిగా ఒక మాట. ఏమీ అనుకోకండి. ఆ మొదటి రోజు మీరూ ఉన్నారు, మూడో మెట్టు మీద, ల్యాప్‌టాప్ బ్యాగు ఒళ్లో పెట్టుకుని. 1999లో అమీర్‌పేటలో వైటూకే కంప్యూటర్ కోర్సు చేస్తూ హాస్టల్ గదిలో నలుగురు ఉండేవాళ్లమని, ఇంటర్వ్యూలకు నలుగురికీ కలిపి ఒకటే తెల్లచొక్కా అని మీరే చెప్పారు. ఎవరికి పిలుపొస్తే వాడు వేసుకోవడం, రాత్రి ఉతికి ఫ్యాన్ కింద ఆరేయడం, ఒకే రోజు ఇద్దరికి పిలుపొస్తే పొద్దున ఒకడు వెళ్లొచ్చి మైత్రీవనం దగ్గర పబ్లిక్ టాయిలెట్లో విప్పి రెండోవాడికి ఇవ్వడం. చెబుతున్నంతసేపూ మీరు కుడిచేత్తో ఎడమ మణికట్టు దగ్గర బొత్తాం పెట్టుకుంటున్నట్టు చేస్తూనే ఉన్నారు, అక్కడ బొత్తాం లేదు, మీరు టీషర్టులో ఉన్నారు. తర్వాత మిమ్మల్ని స్టేజీ మీద చాలాసార్లు విన్నాను, లక్ష్యసాధన గురించి, కృషి గురించి. ఆ చొక్కా మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఆ రోజు కూడా, నలుగురికీ ఉద్యోగాలు వచ్చాక చివరికి అది ఎవరి దగ్గర మిగిలిందని అమ్మమ్మ అడిగింది. మీరు చెప్పబోతుంటే లిఫ్ట్ వచ్చేసింది.

ఈ ఆదివారం ఐదున్నరకు సెల్లార్‌లోనే కూర్చుంటున్నాం. ఆవిడ ఇంకా అడుగుతోంది.

ఇట్లు,
ఐదో అంతస్తులో, వాటర్ ట్యాంకు కింద ఫ్లాటు మేడమ్